ఈ ఫొటోకి ఎడిటింగ్ కావాలా?

మిత్రులందరికీ నమస్కారం. డాగెరొటైప్ అనే తొలినాటి ఫొటోగ్రఫీ పద్ధతిని ఫ్రాన్స్ ప్రభుత్వం 1839 ఆగస్టు 19న లోకానికి ప్రకటించింది. ఆ రోజునే మనం ఫొటోగ్రఫీ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఈ సభలో పెళ్లి ఫొటోల ఎడిటింగ్ గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. సాఫ్ట్‌వేర్‌లో ఏ స్లైడర్ ఎక్కడుందో నేర్పడానికి యూట్యూబ్‌లో చాలామంది ఉన్నారు. నేను దానికి ముందు జరగాల్సిన పని గురించి చెబుతాను. ఫొటోని తెర మీద తెరిచాక, మౌస్ పట్టుకోకముందే, దీనికి ఏమైనా చెయ్యాలా, ఇలాగే వదిలెయ్యాలా అని తేల్చుకోవడం ఎలా అన్నదే నా విషయం.

మనలో కొందరు "నేను ఎడిటింగే చెయ్యను, కెమెరాలో ఎలా వస్తే అలాగే ఇస్తాను" అంటారు. వాళ్ల నిజాయితీ అంటే నాకు గౌరవం. కానీ డిజిటల్ ఫొటో ఎప్పుడూ "వచ్చింది వచ్చినట్టు" ఉండదు. సెన్సర్‌కి (కెమెరాలో వెలుతురుని పట్టే పలక) వెలుతురు ఎంత పడిందో తెలుస్తుంది తప్ప రంగు తెలియదు. అందుకని దాని మీద చిన్న చిన్న రంగు ఫిల్టర్లు పరిచి ఉంటాయి. సెన్సర్ మీది చుక్కల్లో, అంటే పిక్సెల్స్‌లో, సగం చుక్కల మీద ఆకుపచ్చ, పావు వంతు మీద ఎరుపు, పావు వంతు మీద నీలం. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కి 1976లో పేటెంట్ వచ్చిన ఈ అమరికే ఇవాళ్టికీ మన కెమెరాల్లో చాలావాటిలో ఉంది. ఒక్కో చుక్క ఒక్క రంగునే కొలుస్తుంది. మిగతా రెండు రంగుల్నీ చుట్టుపక్కల చుక్కల్ని చూసి కెమెరా లెక్కగట్టి నింపుతుంది. అంటే మీ ఫొటోలోని రంగుల్లో మూడింట రెండొంతులు లెక్కల్లోంచి వచ్చినవే. ఆ పైన వైట్ బ్యాలెన్స్ (వెలుతురు ఛాయని బట్టి రంగుల్ని సర్దడం), కాంట్రాస్ట్, షార్ప్‌నెస్ అన్నీ కెమెరాయే వేసి జేపెగ్ అనే ఫొటో ఫైలు తయారు చేస్తుంది. ఫోన్లయితే ఒక్కసారి నొక్కితే కొన్ని ఫ్రేములు తీసి, వాటిని కలిపి మనకొక ఫొటో చూపిస్తాయి.

కాబట్టి మొదటి ఎడిటింగ్ మీ చేతికి రాకముందే అయిపోయింది. అది చేసిన యంత్రానికి పెళ్లంటే ఏమిటో తెలియదు. అది ఎక్కడ పొరబడిందో పట్టుకోవడమే మన మొదటి పని.

మధుపర్కాల ఘట్టం తీసుకోండి. వధూవరులిద్దరూ ఎర్రంచు తెల్లబట్టల్లో పీటల మీద కూర్చుంటారు. ఫ్రేములో ఎక్కువ భాగం తెలుపే. కెమెరా మీటర్ ఎదుట ఉన్నదాన్ని మధ్యరకం బూడిద రంగనుకుని వెలుతురు కొలుస్తుంది. ఇప్పటి కెమెరాలు ముఖాల్ని గుర్తుపట్టి కొంత సర్దుకుంటున్నాయి గానీ ఆ గుణం పూర్తిగా పోలేదు. దాంతో తెల్లబట్టలు మాసినట్టు, ముఖాలు నీడలో ఉన్నట్టు వస్తాయి. ఇక్కడ ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుతురు) పెంచడం అందం కోసం చేసే పని కాదు, ఆ బట్టలు నిజంగా తెల్లగా ఉన్నాయి కాబట్టి పెంచుతున్నాం. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో నల్లరాతి స్తంభాన్ని దగ్గరగా తీస్తే దీనికి తిరగబడి జరుగుతుంది, రాయి వెలిసిపోతుంది. అక్కడ తగ్గించాలి.

మంగళస్నానాల ఫొటోల్లో పసుపే పసుపు. బట్టలు పసుపు, ఒళ్లంతా పసుపు, వెనక బంతిపూల దండలు. ఆటో వైట్ బ్యాలెన్స్ దాన్నంతా దీపాల వల్ల వచ్చిన పసుపు ఛాయ అనుకుని నీలం వైపు లాగే ప్రమాదం ఉంది. పసుపు తేలిపోతుంది, చర్మం చల్లబడినట్టుంటుంది. ఇది తప్పకుండా సరిదిద్దాల్సిన ఫొటో. అదే మసక చీకట్లో నూనె దీపాల దగ్గర తీసిన ఫొటోలో ముఖాల మీద బంగారు ఛాయ ఉంటే, దాన్ని తెల్లటి పగటి రంగుకి తెచ్చి పాడుచెయ్యకండి. ఆ ఛాయ అక్కడ నిజంగానే ఉంది.

ఎర్ర పట్టుచీర దగ్గర ఇంకో చిక్కు. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడల పంపకం చూపే గ్రాఫ్) చూస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. మూడు రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా తెరిస్తే ఎరుపు ఒక్కటీ కుడి అంచుకి, అంటే పైమెట్టుకి, కొట్టుకుని ఉంటుంది. చీర మడతలు, నేత అన్నీ కలిసిపోయి ఒకే ఎర్ర ముద్దగా కనిపిస్తాయి. మీరు రా ఫైల్లో, అంటే సెన్సర్ కొలిచింది కొలిచినట్టు దాచే ఫైల్లో, తీసి ఉంటే కొంత వెనక్కి తేవచ్చు, ఎందుకంటే 14 బిట్ల రా ఫైల్లో ఒక్కో రంగుకి 16,384 మెట్లు ఉంటాయి. జేపెగ్‌లో ఉండేవి 256. పైమెట్టుకి తగిలి ఆగిపోయిన చోట ఏ సాఫ్ట్‌వేరూ మడతల్ని పుట్టించలేదు, పుట్టిస్తే అవి ఆ చీరవి కావు. అలాంటప్పుడు ఎడిటింగ్‌కి కూర్చోవద్దు, పక్క ఫ్రేము వెతకండి. స్టేజీ మీద ఎల్ఈడీ లైట్ల వల్ల ముఖం ఒక పక్క వంగపండు రంగు, ఇంకో పక్క మామూలు రంగు వచ్చినప్పుడు కూడా ఇదే మాట. వైట్ బ్యాలెన్స్ ఫొటో మొత్తానికి ఒక్కటే, ఒక పక్క సరిచేస్తే రెండో పక్క చెడుతుంది. బ్రష్‌తో గంటసేపు కష్టపడేంత ముఖ్యమైన క్షణమా అని మిమ్మల్ని మీరే అడగండి. తాళి కట్టేటప్పటి ఫొటో అయితే కష్టపడండి.

ఇక్కడిదాకా కెమెరా పొరపాట్లు. తరవాతిది మన ఉద్దేశం. అమెరికన్ ఫొటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ అనే ఊరి మీద చంద్రోదయాన్ని తీశాడు. ఆ ఒక్క నెగటివ్ నుంచి దశాబ్దాల పాటు ప్రింట్లు వేశాడు, వేసేకొద్దీ ఆకాశం నల్లబడుతూ వచ్చింది. తన కళ కోసం తను తీసుకున్న నిర్ణయం అది, దాన్ని తప్పుపట్టను. కానీ పెళ్లి ఫొటో మనది కాదు, ఆ ఇంటిది. పత్రిక ఫొటో పాఠకుడిది. మీలో కొందరు పత్రికలకీ ఫొటోలు పంపుతారు కాబట్టి చెబుతున్నాను. 2006లో బీరుట్ మీద బాంబుదాడి ఫొటోలో పొగను క్లోన్ చేసి (ఒకచోటిది ఇంకోచోట అతికించి) పెంచినందుకు రాయిటర్స్ వార్తాసంస్థ ఆ ఫొటోగ్రాఫర్‌తో తెగతెంపులు చేసుకుని, అతను తీసిన 920 ఫొటోల్నీ అమ్మకం నుంచి తీసేసింది. పత్రిక ఫొటోలో వెలుతురు సర్దండి, క్రాప్ చెయ్యండి. ఏదీ చేర్చకండి, ఏదీ తీసెయ్యకండి.

పెళ్లిళ్లలో చేర్చమని అడిగేది ఎక్కువగా పోయినవాళ్లని. "నాన్నగారు ఉండి ఉంటే ఇక్కడ నిలబడేవారు, ఆయన్ని గ్రూప్ ఫొటోలో పెట్టండి" అంటారు. కాదనలేం, కాదనకూడదు కూడా. కాకపోతే దాన్ని వేరే ఫ్రేముగా కట్టించి ఇవ్వండి, ఆల్బమ్‌లోకి ఎక్కించకండి. ముప్పై ఏళ్లకి మనవళ్లు ఆ ఆల్బమ్ చూసి, తాతయ్య ఆ పెళ్లికి వచ్చారని అనుకోకూడదు.

అసలు నేను ఇవాళ ఇక్కడికి వచ్చింది చర్మం రంగు గురించి చెప్పడానికి. 1994 జూన్‌లో టైమ్, న్యూస్‌వీక్ పత్రికలు రెండూ హత్య కేసులో అరెస్టయిన మాజీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఓ.జె. సింప్సన్ పోలీసు ఫొటోనే ముఖచిత్రంగా వేశాయి. టైమ్ బాగా నల్లబరిచి వేసింది, న్యూస్‌వీక్ ఉన్నది ఉన్నట్టు వేసింది. రెండూ పక్కపక్కన కనపడేసరికి, ఒక నల్లజాతి మనిషిని భయంకరంగా చూపించారని అమెరికాలో గగ్గోలు పుట్టింది. మనం రోజూ పెళ్లికూతుళ్లకి చేస్తున్నది దీనికి తిరగబడ్డ పని, అయినా గగ్గోలు లేదు. "ఫేస్ కొంచెం తెల్లగా చెయ్యండి" అని వాళ్లు అడగకముందే ఆల్బమ్ డిజైనర్ చేసేస్తున్నాడు. కొన్ని ఫోన్లలో బ్యూటీ మోడ్ కొన్నప్పటినుంచే ఆన్‌లో ఉంటుంది.

ఆ ఆల్బమ్‌లు ఒకసారి తెరిచి చూడండి. ముఖం ఒక రంగు, మెడ ఇంకో రంగు, గోరింటాకు పెట్టిన చేతులు మూడో రంగు. చర్మం నునుపు చేసే ఆటోమేటిక్ టూల్ బుగ్గచుక్కని మచ్చ అనుకుని చెరిపేస్తుంది. పేరంటాళ్లు ముచ్చటపడి పెట్టిన చుక్క, మన సంప్రదాయం, ఒక్క క్లిక్కుతో పోతుంది. అంతకన్నా నన్ను బాధపెట్టేది పోలిక. చామనఛాయ అమ్మాయి పక్కన అదే ఛాయలో వాళ్లమ్మ నిలబడి ఉంటుంది. కూతుర్ని ఒక్కదాన్నే తెల్లబరిస్తే తల్లీకూతుళ్ల పోలిక పోతుంది. ఆ అమ్మాయికి మనం చెబుతున్నదేమిటి? నీ పెళ్లిరోజున కూడా నీ రంగు చాల్లేదనా?

మొటిమ, గోరు గీసుకున్న గీత లాంటివి తీసెయ్యండి, పదిహేను రోజుల్లో అవే పోయేవి. పుట్టుమచ్చ, చిన్నప్పటి గాటు, ఒంటి రంగు మనిషితోనే ఉండేవి, వాటి జోలికి పోకండి. తెల్లగా కావాలని ఇంటివాళ్లు పట్టుబడితే నేను రెండు చిన్న ప్రింట్లు వేసి, అమ్మాయి ఎదురుగానే టేబుల్ మీద పెడతాను. సరైన వెలుతురులో, సరైన వైట్ బ్యాలెన్స్‌తో ఉన్న ప్రింట్‌లో చామనఛాయ ఎంత నిండుగా ఉంటుందో చాలామంది అప్పుడే మొదటిసారి చూస్తారు. దాన్నే ఎంచుకుంటారు. ఎంచుకోనివాళ్లూ ఉంటారు, అప్పుడైనా నిర్ణయం అమ్మాయిది కావాలి, వెనక నిలబడ్డ పిన్నిదో మేనత్తదో కాదు.

చివరగా పని విషయాలు. మండపం నుంచి వచ్చిన రాత్రే ఎడిటింగ్ మొదలుపెట్టకండి. అలసిన కంటికి అన్ని ఫొటోలూ చప్పగానే ఉంటాయి, స్లైడర్లు అవసరానికి మించి జరుగుతాయి. ఒరిజినల్ ఫైలు ముట్టుకోకుండా కాపీ మీద చెయ్యండి, జేపెగ్ మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత నష్టపోతుంది. లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు బ్యాక్‌స్లాష్ మీట నొక్కి ముందు ఎలా ఉందో మధ్యమధ్యలో చూసుకోండి. ముందుదే బాగుందనిపిస్తే మొహమాటపడకుండా రీసెట్ కొట్టండి.

మీరు పెన్‌డ్రైవ్‌లలో తెచ్చిన ఫొటోలు ముందు వరసలో ఉన్న తమ్ముడికి ఇవ్వండి. తెర మీద పెట్టి ఒక్కోదాని గురించీ మాట్లాడుకుందాం. మీరు ఎడిట్ చేసినవాటితో పాటు వాటి ఒరిజినల్స్ కూడా ఇవ్వండి.