కాలువ నీళ్లు పెట్టుకోవచ్చు కదా? రెండు బడుల మధ్య ఆన్‌లైన్ చర్చ

[తెరపై: ఆంధ్రప్రదేశ్ పటం. అనంతపురం, కోనసీమ దగ్గర రెండు చుక్కలు]

నమస్కారం. ఒక ఊరి ప్రాథమిక పాఠశాల పిల్లలు మరో ఊరి పిల్లలతో ఆన్‌లైన్‌లో చర్చించడం గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. చాలా చోట్ల ఇది ఎలా జరుగుతుందో మీకు తెలుసు. వీడియో కాల్ కలుస్తుంది, రెండు వైపులా చేతులు ఊగుతాయి, ఒక పాట, ఒక ఫొటో, అంతే. సరదాగానే ఉంటుంది, కాదనను. దాన్ని చర్చ అనడానికి మాత్రం నాకు మనసొప్పదు. అవతలి వాళ్లకే తెలిసిన సంగతి ఒకటి ఉండాలి, అదేమిటో తెలుసుకోవాలనే ఆరాటం ఇవతల ఉండాలి.

[తెరపై: ఎర్ర నేల, వేరుశనగ మొక్కలు]

అనంతపురం దగ్గరి పల్లెలో ఒక నాలుగో తరగతి, కోనసీమలో ఇంకో నాలుగో తరగతి జత కట్టాయనుకుందాం. ఇక్కడ మన అనంతపురం పిల్లలు "ఇంకా వాన రాలేదు, విత్తనం వేయలేదు" అని రాశారు. అటు నుంచి వెంటనే ప్రశ్న: "కాలువ నీళ్లు పెట్టుకోవచ్చు కదా?"

ఇంత మంచి ప్రశ్న ఏ పాఠ్యపుస్తకం అడుగుతుంది! జవాబు కోసం పిల్లలు ఇంట్లో అవ్వనో తాతనో అడగాలి. మన వేరుశనగ ఎక్కువగా వానాధారమని, పూత తర్వాత ఊడలు, అంటే కాయ కాసే కాడలు, నేలలోకి దిగాలని, అప్పటికి నేల గట్టిపడితే ఊడ దిగదని, కాయ పట్టదని పెద్దవాళ్లు చెబుతారు. మర్నాడు అదే రాస్తారు, ఒకరు బొమ్మ గీస్తారు. ఇక వీళ్ల వంతు: "మీ కాలువకు నీళ్లు ఎక్కడివి?" అటు పిల్లలు గోదావరి దాకా, కాటన్ దొర హయాంలో 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దాకా వెళ్లాల్సిందే. గోదావరికి వరద వస్తే తమ లంకలు మునుగుతాయని కూడా చెబుతారు. నీళ్లు ఎక్కువైనా కష్టమేనా అని ఇక్కడ ఎవరో ఒకరు నోరు తెరుస్తారు.

పటం తీయాల్సింది అప్పుడే. అనంతపురంలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. కోనసీమలో దాదాపు రెట్టింపు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసేస్తాయి, తూర్పు తీరమేమో మనకు దూరం. ముందే చెబితే ఇది బట్టీ పాఠం. ప్రశ్న తర్వాత చెబితే పిల్లలు వింటారు.

[తెరపై: పోస్టు కవరు]

ఇదేమీ ఇంటర్నెట్‌తో పుట్టిన ఆలోచన కాదు. 1920లలోనే ఫ్రాన్స్‌లో సెలెస్టాన్ ఫ్రెనే అనే ఉపాధ్యాయుడు తన పల్లె పిల్లల రాతలను బడిలోనే అచ్చు వేయించి, దూరాన బ్రిటనీలో ఉన్న బడికి పోస్టులో పంపేవారు. యూరప్‌లో 2005లో బడులను ఆన్‌లైన్‌లో జత కలిపే ఈ-ట్విన్నింగ్ మొదలైంది. తర్వాత మిస్టరీ స్కైప్ అనే ఆట వచ్చింది: అవునా, కాదా అనే ప్రశ్నలతోనే అవతలి తరగతి ఏ ఊళ్లో ఉందో కనిపెట్టాలి. స్కైప్ 2025 మేలో మూతపడినా ఆట ఏ వీడియో కాల్‌లోనైనా ఆడుకోవచ్చు. "మీ జిల్లాకు సముద్రం ఉందా?" దగ్గర మొదలుపెట్టండి.

మిగతా రోజుల్లో రాత చర్చే మేలు. సిగ్నల్ లేకపోయినా ఆగదు, బిడియపడే పిల్లలకు ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. విదేశాల్లోని తెలుగు పిల్లలతోనైతే వేరే దారే లేదు: ఇక్కడ ఉదయం 9:30 అయితే, వేసవిలో కాలిఫోర్నియాలో ముందురోజు రాత్రి 9 గంటలు.

[తెరపై: టీచరు ఫోను, తరగతి పేరుతో సందేశం]

ఖాతా టీచరుదే ఉండాలి. సందేశం కింద పిల్లల పేర్లు వద్దు, "నాలుగో తరగతి" అంటే చాలు. 2023 నాటి డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. ఫొటో పంపాలంటే ముందే తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి.

ఇంకో మాట, సార్లకూ మేడంలకూ. పిల్లల వాక్యాలను మీరు చక్కదిద్ది పంపకండి. అటు చదివేది కూడా నాలుగో తరగతే. మన వాక్యాలు కనిపిస్తే ప్రశ్నలు ఆగిపోతాయి.

జూలైలో విత్తనంతో మొదలుపెడితే, పంట పీకే అక్టోబరు, నవంబరు దాకా అడగడానికి ఏదో ఒకటి ఉంటుంది. దసరా సెలవుల సంగతి మాత్రం అవతలి బడికి ముందే చెప్పండి, లేకపోతే పాపం వాళ్లు జవాబు కోసం రోజూ ఎదురుచూస్తారు.