శుక్రవారం పొద్దున్న 7:30

అందరికీ నమస్కారం. మాట మొదలుపెట్టే ముందు ఈ పాచికను ఒకసారి చూడండి. ముందు వరుస నుంచి చేతులు మారుస్తూ వెనక్కి పంపండి. జాగ్రత్త, ఇది పోతే విజయనగరం బజారంతా తిరిగినా నాకు ఇంకోటి దొరకదు. దీనికి 20 ముఖాలు. చిన్నప్పుడు అష్టాచెమ్మా కోసం చింతపిక్కల్ని అరుగు మీద ఒకవైపు తెల్లబడేదాకా రుద్దేవాళ్లం కదా. దీని పనీ అదే.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఒకరు కథ నడుపుతారు. "కొండ దిగారు. గుహ ముందు ఎవడో పడుకుని ఉన్నాడు. ఏటి సేస్తారు?" అని అడుగుతారు. మిగతావాళ్లు తలో పాత్ర అయి జవాబు చెప్తారు. "చప్పుడు చేయకుండా దాటేస్తాను" అని నోటితో అంటే చాలదు, పాచిక వేయాలి. 18 పడితే దాటేశారు. 3 పడితే కాలి కింద ఎండుపుల్ల విరిగింది, వాడు లేచాడు. ఈ తరహా ఆటల్లో మొదటిదిగా పేరుపడ్డ డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌ను గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికాలో 1974లో తెచ్చారు.

ఇలా బల్ల చుట్టూ కూర్చుని ఆడుకునేదాన్ని లక్షల మంది చూసే వెబ్ సిరీస్‌గా మార్చినవాళ్లలో అందరికన్నా పేరొచ్చింది 'క్రిటికల్ రోల్'కి. నేను ఈ మాట ఎత్తితే చాలు, మన కుర్రాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఏ కెమెరా వాడారన్నా?" అని. కెమెరా చాలా తర్వాత వచ్చింది తమ్ముడూ.

2012లో లియామ్ ఓబ్రయన్ పుట్టినరోజుకి స్నేహితులంతా సరదాగా ఒక ఆట ఆడారు. అందరూ లాస్ ఏంజెలెస్‌లో యానిమేషన్‌కి, వీడియో గేములకి గొంతు అరువిచ్చే డబ్బింగ్ కళాకారులు. కథ నడిపింది మాథ్యూ మెర్సర్. ఆ ఒక్కపూటతో అయిపోవాల్సిన ఆట అది. అవలేదు. వీలు దొరికినప్పుడల్లా కలిసి, చూసేవాడు ఒక్కడూ లేకుండా, పైసా రాకుండా రెండేళ్లకు పైగా ఆడుకున్నారు. వాళ్లలో ఆష్లీ జాన్సన్ ద్వారా ఈ సంగతి ఫెలీషియా డేకి తెలిసింది. ఆవిడ స్థాపించిన గీక్ అండ్ సండ్రీ చానల్లో 2015 మార్చి 12న మొదటి భాగం లైవ్‌లో వచ్చింది.

ఆ మొదటి భాగం చూస్తే పెళ్లికి ఆలస్యంగా వెళ్లినట్టుంటుంది. కథ అప్పటికే సగంలో ఉంది. పాత్రల మధ్య పాత గొడవలున్నాయి, మనకి తెలియని జోకులున్నాయి. మామూలు నిర్మాత ఎవరైనా "మొదట్నుంచి మొదలెట్టండి" అనేవాడు. వీళ్లు ఎక్కడ ఆపారో అక్కడి నుంచే ఎత్తుకున్నారు. ఒక్క సర్దుబాటు చేసుకున్నారు. ఇంట్లో పాత్‌ఫైండర్ అనే ఆట నియమాలతో ఆడేవాళ్లు, కెమెరా ముందుకి వచ్చేటప్పుడు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్‌కి మారారు. అది కొంచెం తేలిక.

అప్పట్లో ప్రతి గురువారం రాత్రి 7కి అక్కడ లైవ్ వచ్చేది. మనకి శుక్రవారం పొద్దున్న 7:30, చలికాలంలో 8:30. నేను గంటస్తంభం దగ్గర టీ తాగుతూ ఫోన్లో చూసేవాణ్ని. మూడు నాలుగు గంటల ఆట, అదీ ఆ యాసలో, నాకు సగం అర్థమయ్యేది కాదు. నన్ను ఆదుకున్నది అభిమానులే. కూలీ నాలీ లేకుండా కూర్చుని, ప్రతి మాటా విని సబ్‌టైటిల్స్ రాసిన జనం ఉన్నారు. ఈ సిరీస్ నిర్మాణ చరిత్ర ఎవరు రాసినా వాళ్లకో అధ్యాయం ఇవ్వాలి.

లైవ్ కాబట్టి అతుకులన్నీ కనబడేవి. ఆష్లీ జాన్సన్‌కి న్యూయార్క్‌లో టీవీ సీరియల్ షూటింగ్ పడింది. ఆమె లేని వారాలు చాలా ఉన్నాయి, కొన్నిసార్లు వీడియో కాల్‌లో ఆడింది. ఆ మొదటి కథ 2017 అక్టోబరు దాకా, 115 భాగాలు నడిచింది. రెండోది 141 భాగాలు. దాని ఆఖరి భాగం ఒక్కటే సుమారు ఏడు గంటలు! బయటివాళ్లకి ఇది పిచ్చిగా అనిపించవచ్చు, మన జిల్లాల వాళ్లకి అక్కర్లేదు. తూర్పు భాగోతంలో సత్యభామ తెర వెనక నుంచి బయటకి వచ్చేసరికే సగం ఊరు ఓ కునుకు తీసి లేచేది. ఒక్క మనిషి నిలబడి రాజు, భటుడు, ముసలమ్మ అన్నీ తానే అయిపోవడం ఎలాగో ఆదిభట్ల నారాయణదాసు గారు పుట్టిన గడ్డకి మెర్సర్ వచ్చి చెప్పక్కర్లేదు. తేడా ఒక్కటే. హరికథలో దాసు గారికి ముగింపు తెలుసు. ఇక్కడ కథ చెప్పేవాడికీ తెలీదు.

ఇప్పుడు మా సంగతి. నేనూ మరో నలుగురమూ తెలుగులో ఇలాంటిది తీద్దామని బయల్దేరాం. ముందు లోగో చేయించాం. తర్వాత లైట్లు కొన్నాం. ఆట నేర్చుకున్నది ఆఖర్న. ఒక స్నేహితుడి మేడ గదిలో మూడు ఫోన్లు బిగించి, అందంగా ఉంటుందని పాచికలు వేయడానికి ఇత్తడి పళ్లెం పెట్టాం. మంచి పట్టు మీదున్న సీను. మావాడు, పాత్రలో తండ్రి చనిపోయాడన్న కబురు విని, నిజంగానే గొంతు పూడుకుపోయి మాట్లాడాడు. రికార్డింగ్ విన్నాం. ఫ్యాను మోత, ఠంగుమని పళ్లెం, వీధిలో ఉల్లిపాయల బండి మైకు. మావాడి గొంతు ఎక్కడా లేదు. పళ్లెంలో తువ్వాలు పరిస్తే చప్పుడు ఉండదన్న తెలివి నాలుగో భాగానికి వచ్చింది. ఆరో భాగానికి మాటలే లేవు. ఎవరికి ఎవరు ఏమవుతారో మాకే తెలియకపోతే ఏం మాట్లాడతాం?

డబ్బు మాట చెప్పకపోతే మీరు ఒప్పుకోరు. క్రిటికల్ రోల్ వాళ్లు సొంతంగా కంపెనీ పెట్టుకుని 2019 ఫిబ్రవరిలో పాత చానల్ నుంచి బయటికొచ్చారు. పాత్రలూ కథా తమవే కాబట్టి తమతో తెచ్చుకోగలిగారు. మర్నెల 22 నిమిషాల యానిమేషన్ కోసం కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్లో ఏడున్నర లక్షల డాలర్లు చందా అడిగారు. గంట తిరక్కుండానే అంతా వచ్చేసింది. నెలన్నరకి లెక్క ముగిసేసరికి 88,887 మంది కలిసి 1.13 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చారు. 22 నిమిషాల బొమ్మ కాస్తా 'ది లెజెండ్ ఆఫ్ వోక్స్ మాకినా' అనే సిరీస్ అయి 2022 జనవరిలో ప్రైమ్ వీడియోలో వచ్చింది. ఆ అంకెల గురించి ఇంతకన్నా చెప్పను. అంకెలు విన్నాకే మేం లైట్లు కొన్నాం.

2020 మార్చిలో కరోనా వచ్చి రెండో కథ 99వ భాగం దగ్గర ఆట ఆగిపోయింది. జులై 2న వందో భాగానికి మళ్లీ కూర్చున్నారు, కానీ ఒక్క బల్ల చుట్టూ కాదు. ఎవరి బల్ల వాళ్లకి, మధ్యలో దూరం. అప్పటి నుంచి లైవ్ మానేసి ముందే రికార్డు చేసి వేయడం అలవాటైంది. 2021లో మొదలైన మూడో కథ అలాగే నడిచింది. బొమ్మ శుభ్రంగా ఉంది, శబ్దం అద్దంలా ఉంది, నాకు మాత్రం రుచి తగ్గింది. శుక్రవారం పొద్దున్న పాచిక దొర్లుతున్న ఆ అర సెకను వాళ్లకీ నాకూ ఒకేసారి తెలియకుండా ఉండేది. టెన్షన్ అంతా అందులోనే.

2025 అక్టోబరులో నాలుగో కథకి మెర్సర్ పక్కకి జరిగి ఆటగాళ్లలో కూర్చున్నాడు. కథ నడిపే కుర్చీ బ్రెనన్ లీ మల్లిగన్ అనే మరో కథకుడికి ఇచ్చాడు. పదేళ్లు తను కూర్చున్న కుర్చీ!

మేం ఇప్పుడేం చేస్తున్నామని ఇందాక వెనక నుంచి ఎవరో అడిగారు. లైట్లు అమ్మేశాం. ఆదివారాలు పెద్దచెరువు వైపు మా స్నేహితుడి ఇంట్లోనే, వాళ్లమ్మగారు చేసే ఉప్మా తింటూ ఆడుతున్నాం. తొమ్మిది నెలలైంది. మావాడి తండ్రి పాత్ర బతికే ఉన్నాడని మొన్ననే తేలింది. ఫోన్లు పక్కగదిలో ఉంటాయి. తువ్వాలు మాత్రం పళ్లెంలోనే ఉంది.

పాచిక ఎవరి దగ్గర ఆగింది?