సరైన జవాబు ఒక్కటే కానప్పుడు మార్కు ఎక్కడ పడుతుంది?

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో సర్టిఫికేషన్ కోర్సులు చదువుతున్నవాళ్ళు ఉన్నారు, వాటికి పాఠాలు చెప్పేవాళ్ళు ఉన్నారు, పేపర్లు దిద్దేవాళ్ళూ కొందరు ఉన్నారు. చదివేవాళ్ళ దగ్గర నాకు మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "కేస్ స్టడీకి ఇదే సరైన జవాబని ఒకటి లేనప్పుడు, మార్కులు ఎలా వేస్తారండీ?" అడిగేది ఇంతే. మనసులో ఉండే అనుమానం మాత్రం ఇంకాస్త పెద్దది: దిద్దేవాళ్ళ ఇష్టాన్ని బట్టి మార్కులు పడతాయేమో అని.

ఆ అనుమానాన్ని నేను కొట్టిపారేయను. దానికి గట్టి ఆధారమే ఉంది. 1912లో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఇలియట్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు హైస్కూలు ఇంగ్లిష్ జవాబుపత్రానికి నకళ్ళు తీయించి, వేర్వేరు బడుల్లో 142 మంది టీచర్ల చేత దిద్దించారు. ఒకే పేపర్. ఒకరు 64 వేశారు, ఇంకొకరు 98 వేశారు. సాహిత్యం కాబట్టి అలా జరిగిందని వాదించేవాళ్ళ కోసం మరుసటి ఏడాది జ్యామితి పేపర్‌తో అదే పని చేశారు. అక్కడ తేడా ఇంకా పెరిగింది. 28 వేసినవాళ్ళూ ఉన్నారు, 90కి పైగా వేసినవాళ్ళూ ఉన్నారు. రుజువు చేసి చూపించే జ్యామితిలోనే ఇంత తేడా ఉంటే, కంపెనీ ఏం చేయాలో చెప్పమనే కేస్ స్టడీని ఎవరికి తోచినట్టు వాళ్ళు దిద్దితే ఏమవుతుందో మీరే ఊహించండి.

ఒక సందర్భాన్ని ముందుంచి దాని మీద ఆలోచింపజేస్తూ పాఠం చెప్పే కేస్ పద్ధతి పుట్టినప్పుడు ఈ చిక్కు అంతగా లేదు. 1870లో లాంగ్‌డెల్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు దాన్ని హార్వర్డ్ లా స్కూల్లో మొదలుపెట్టారు. 1908లో ఏర్పడిన హార్వర్డ్ బిజినెస్ స్కూల్ తర్వాత దాన్ని అందుకుంది. అక్కడ కేసు అంటే ముఖ్యంగా తరగతిలో చర్చ. సర్టిఫికేషన్‌లో అలా కుదరదు. ఈ వ్యక్తిని నమ్మి ఖాతాలు, ప్రాజెక్టులు, మనుషుల్ని అప్పగించవచ్చని ఒక సంస్థ సంతకం పెట్టి చెప్పాలి. అందుకే ఇక్కడ మార్కులు ర్యాంకు కోసం వేయరు. పక్కవాళ్ళకు ఎన్ని వచ్చాయన్న దానితో మీకు పని లేదు. ఒక గీత ఉంటుంది, దాన్ని దాటారా లేదా అన్నదే లెక్క. ఆ గీత గీయడానికి చాలాచోట్ల ఆంగోఫ్ అనే అమెరికన్ పరిశోధకుడి పేరుతో 1971 నుంచి వాడుకలో ఉన్న పద్ధతిని వాడతారు. అనుభవజ్ఞులు కొందరు కూర్చుని, అర్హత అంచు మీద నిలబడిన అభ్యర్థిని ఊహించుకుని, ఆ అభ్యర్థి ప్రతి ప్రశ్నలో ఎంతవరకు రాయగలరో అంచనా వేసి, వాటి సగటు తీస్తారు.

సంస్థను బట్టి కొలమానం మారుతుంది. బ్రిటన్‌కు చెందిన అకౌంటెంట్ల సంస్థ ఏసీసీఏ వారి స్ట్రాటజిక్ బిజినెస్ లీడర్ పేపర్లో 100కి 80 మార్కులు విషయానికి, 20 మార్కులు వృత్తి నైపుణ్యాలకు. అంటే రాసిన తీరు, విశ్లేషణ, చెప్పిన ప్రతిదాన్నీ నమ్మేయకుండా ప్రశ్నించే గుణం, వ్యాపార దృష్టి లాంటివాటికి విడిగా మార్కులున్నాయి. మేనేజ్‌మెంట్ అకౌంటెంట్ల సంస్థ సీమా పెట్టే కేస్ స్టడీ పరీక్షలో కంపెనీ వివరాలు కొన్ని వారాల ముందే చేతికిస్తారు. 150 స్కేలు మీద 80 వస్తే పాస్. కెనడా అకౌంటెంట్ల సంస్థ సీపీఏ వాళ్ళ సీఎఫ్ఈ అనే తుది పరీక్ష పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. ప్రతి అంశంలోనూ అభ్యర్థి ఏ మెట్టు మీద ఉన్నారో చూస్తారు: అసలు ముట్టుకోలేదు, నామమాత్రంగా ముట్టుకున్నారు, దగ్గరికి వస్తున్నారు, సమర్థులు, విశేష సమర్థులు. ఐదు మెట్లు. ఒక అంశంలో అద్భుతంగా రాసి మిగతావి వదిలేసినవాళ్ళు ఇక్కడ గట్టెక్కలేరు. లోతూ చూస్తారు, విస్తృతీ చూస్తారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఒక కేసు అనుకుందాం. నీటి పంపులు తయారుచేసే కంపెనీ. గత ఏడాది అమ్మకాలు 100 అయితే ఈ ఏడాది 120. కొనుగోలుదారుల నుంచి డబ్బు రావడానికి ఇదివరకు సగటున 45 రోజులు పట్టేది, ఇప్పుడు 90 రోజులు పడుతోంది. అమ్మకాలు పెరిగాయన్న ఉత్సాహంతో ఎండీ గారు అప్పు తెచ్చి రెండో ఫ్యాక్టరీ కట్టాలంటున్నారు. మీ సలహా ఏమిటి? ఇదీ ప్రశ్న.

మొదటి అభ్యర్థి స్వాట్ పట్టిక, అంటే బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పుల పట్టిక గీశారు. నాలుగు గడులూ నింపారు. "అమ్మకాల్లో వృద్ధి: బలం. పోటీ: ముప్పు." తర్వాత వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారం నడవడానికి కావలసిన డబ్బు) నిర్వచనం, విస్తరణ వల్ల లాభాలు, నష్టాలు. చివర "అన్ని కోణాలూ పరిశీలించి నిర్ణయం తీసుకోవాలి" అన్నారు. మూడు పేజీలు. ఒక్క తప్పు లేదు. కానీ పంపుల కంపెనీ పేరు తీసేసి బిస్కట్ల కంపెనీ పేరు పెట్టినా ఆ జవాబు అలాగే నిలబడుతుంది. దిద్దేవాళ్ళు మొదట చూసేది అదే.

రెండో అభ్యర్థి లెక్క వేశారు. 100 అమ్మకాల మీద 45 రోజుల బాకీ అంటే సుమారు 12. 120 మీద 90 రోజులంటే దాదాపు 30. అమ్మకాలు 20 పెరిగితే, బయట చిక్కుకున్న డబ్బు 17కు పైగా పెరిగింది. పెరిగిన అమ్మకాల్లో చాలా భాగం అరువు మీద వచ్చి ఉండొచ్చు, గిరాకీ నిజంగా ఎంత పెరిగిందో ఈ అంకెలు చెప్పడం లేదు. కాబట్టి ఫ్యాక్టరీ నిర్ణయం వాయిదా వేసి, బాకీలు ఎన్ని రోజులుగా ఆగాయో వయసు వారీగా తీయించి, ఏ కొనుగోలుదారుడి దగ్గర ఎంత ఆగిందో చూశాకే అప్పు మాట ఎత్తాలి. ఇది పేజీన్నర జవాబు.

మూడో అభ్యర్థి ఇదే లెక్క వేసి, ఫ్యాక్టరీ కట్టాలనే చెప్పారు. అయితే కొత్త అమ్మకాలన్నీ రెండు పెద్ద పంపిణీదారులకే వెళ్ళాయని, వాళ్ళతో 60 రోజుల గడువుకు ఒప్పందం కుదిరాకే పని మొదలుపెట్టాలని, లేకపోతే ఆపాలని రాశారు. ఆ పంపిణీదారుల ప్రస్తావన కేసులో ఉంటే ఈ జవాబుకు రెండో జవాబుతో సమానంగా మార్కులు పడతాయి. ఇద్దరి సలహా ఒకదానికొకటి విరుద్ధం. అయినా ఇద్దరూ పాస్. కేసులోని వాస్తవం, దాని అర్థం, అందులోంచి వచ్చిన సలహా, ఈ మూడింటి మధ్య ముడి కాగితం మీద కనిపించింది. మార్కు పడేది ఆ ముడికి.

రెండో అభ్యర్థి 30 బదులు 25 అని తప్పు లెక్క వేశారనుకోండి. కంగారు అక్కర్లేదు. ఆ లెక్కకున్న మార్కు పోతుంది. తర్వాత తన అంకె మీద ఆధారపడి తర్కం సరిగ్గా నడిపితే మిగతా మార్కులు పడాలి. ఒక తప్పుకు రెండుసార్లు శిక్ష వేయకూడదన్నది చాలా సంస్థలు పాటించే నియమం. దీనికి ఒక షరతుంది: లెక్క ఎలా వేశారో చూపించాలి. జవాబు అంకె ఒక్కటే ఉండి దారి లేకపోతే, దిద్దేవాళ్ళు మీ మనసులోకి తొంగిచూడలేరు.

భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 2024 మే నుంచి సీఏ ఫైనల్ 6వ పేపర్‌ను అనేక విషయాలు కలిపిన కేస్ స్టడీగా, పుస్తకం చూసి రాసేదిగా మార్చింది. పుస్తకం ఎదురుగా ఉన్నప్పుడు నిర్వచనానికి విలువేముంటుంది? ఇంట్లో రాసి పంపే అసైన్‌మెంట్లకూ ఇదే వర్తిస్తుంది. ఇప్పుడు ఏఐ పరికరాలు మొదటి అభ్యర్థి జవాబును క్షణాల్లో రాసిచ్చేస్తున్నాయి. అందుకే కేసుకు అతుక్కోని జవాబు విలువ ఇంకా పడిపోతుందని నా నమ్మకం. రాసిన జవాబు మీద పది నిమిషాలు ముఖాముఖి ప్రశ్నలడిగే పద్ధతి ప్రతి కోర్సులోనూ రావాలని కోరుకుంటున్నాను.

దిద్దే గది లోపల ఏం జరుగుతుందో కూడా మీకు తెలియాలి. దిద్దడం మొదలుపెట్టేముందు అందరూ ఒకే కొన్ని పేపర్లను విడివిడిగా దిద్ది, ఎక్కడ తేడా వచ్చిందో కూర్చుని మాట్లాడుకుంటారు. గంటల తరబడి సాగే ఆ వాదనల్లోనే రూబ్రిక్‌కు, అంటే దేనికి ఎన్ని మార్కులో చెప్పే పట్టికకు, ప్రాణం వస్తుంది. తర్వాత ముందే మార్కులు ఖరారైన పేపర్లను మధ్యమధ్యలో కలిపి, దిద్దేవాళ్ళ చేయి బిగుస్తోందా, వదులవుతోందా అని గమనిస్తారు. అంచు మీద ఆగిన పేపర్లను మరొకరు చూస్తారు. పేరు బదులు నంబరు ఉంటుంది. ఒకరి పేపర్ మొత్తం ఒకేసారి దిద్దకుండా అందరి మొదటి ప్రశ్న, ఆ తర్వాత అందరి రెండో ప్రశ్న దిద్దడం మేలు. మొదటి జవాబు బాగుంటే మిగతావన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1920లోనే ఈ మొగ్గును గుర్తించి దానికి హాలో ఎఫెక్ట్ అని పేరు పెట్టారు. ఈ జాగ్రత్తలన్నీ తీసుకోని కోర్సులు కూడా ఉన్నాయి. చేరేముందు అడిగి తెలుసుకోండి, అది మీ హక్కు.

ఒక విషయంలో మాత్రం నాకు బాధ ఉంది. చాలా కోర్సుల్లో రూబ్రిక్‌ను రహస్య పత్రంలా దాస్తారు. విద్యార్థికి చేరేది ఒక అంకె, దాని పక్కన "విశ్లేషణ బలహీనం" అనే రెండు మాటలు. ఎక్కడ బలహీనం? ఏ వాక్యం దగ్గర దారి తప్పింది? అది చెప్పకపోతే మళ్ళీ రాసేటప్పుడు ఏం మార్చాలో ఎలా తెలుస్తుంది? రూబ్రిక్ ముందే ఇస్తే జవాబులు దానికి తగ్గట్టు రాసేస్తారని కొందరు సహోద్యోగులు అంటుంటారు. మంచి రూబ్రిక్‌కు తగ్గట్టు రాయడమంటే కేసు చదివి, ఆలోచించి, నిర్ణయం చెప్పడమే కదా. అదే కదా మనం నేర్పాలనుకుంటున్నది!

అందుకని పాఠాలు చెప్పేవాళ్ళకు ఒక విన్నపం. ఈ టర్మ్ మొదటి వారంలోనే, ఏ అసైన్‌మెంటూ ఇవ్వకముందు, పేర్లు తీసేసిన మూడు పాత జవాబులనూ మీ రూబ్రిక్‌నూ విద్యార్థుల చేతిలో పెట్టండి. వాళ్ళ చేతే దిద్దించండి. మార్కులు బోర్డు మీద రాయించండి. ఒకే జవాబుకు ఒకరు 40, ఒకరు 70 వేసినప్పుడు ఇద్దరినీ లేపి, ఏ వాక్యం చూసి వేశారో అడగండి. ఆ గంట పూర్తయ్యేవరకు అసైన్‌మెంట్ గడువు ప్రకటించకండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.