కార్డిఫ్‌లో ఉచితం, మాంచెస్టర్‌లో 9.90 పౌండ్లు: బ్రిటన్‌లో మందుల చార్జీ లెక్క

[తెర మీద: బ్రిటన్ పటం. ఇంగ్లండ్ ఒక రంగులో, మిగతా మూడూ ఇంకో రంగులో]

స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ఎమ్మెస్సీ చదివే విద్యార్థికి జీపీ, అంటే మనం నమోదైన స్థానిక డాక్టర్, ఇన్‌హేలర్ రాస్తే ఫార్మసీలో పైసా కట్టక్కర్లేదు. అదే ఇన్‌హేలర్‌కి ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో చదివే విద్యార్థి 9.90 పౌండ్లు కట్టాలి. ఇద్దరూ వీసాతో పాటు ఏడాదికి 776 పౌండ్ల హెల్త్ సర్‌చార్జి కట్టినవాళ్లే. అది కట్టాం కాబట్టి మందులూ ఫ్రీ అనుకుంటారు మనవాళ్లు. ఇంగ్లండ్‌లో కాదు.

ఈ తేడా ఎందుకు? 1948లో ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ మొదలైనప్పుడు మందులు అందరికీ ఉచితమే. 1952లో చార్జీ పెట్టారు, 1965లో తీసేశారు, 1968లో మళ్లీ తెచ్చారు. 1999లో అధికారాల బదిలీ జరిగాక ఆరోగ్యం మీద నిర్ణయం వేల్స్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వాల చేతికొచ్చింది. వేల్స్ 2007లో, ఉత్తర ఐర్లండ్ 2010లో, స్కాట్లండ్ 2011లో చార్జీ ఎత్తేశాయి. వదులుకున్న ఆ రాబడిని అవి తమ బడ్జెట్‌లోంచే పూడ్చుకుంటాయి.

[తెర మీద: 9.90 పౌండ్లు × ఐటమ్]

ఇంగ్లండ్‌లో 2024 మే నుంచి ఐటమ్‌కి, అంటే చీటీలో రాసిన ఒక్కో మందుకి, 9.90. చీటీకి కాదు, ఐటమ్‌కి. నెలకి రాసినా రెండు నెలలకి రాసినా అంతే. ఒకే మందు మాత్రలుగానూ క్యాప్సూళ్లుగానూ రాస్తే రెండు చార్జీలు పడతాయి. పారాసెటమాల్ లాంటివైతే చీటీ ఇవ్వకుండా కౌంటర్‌లో కొనుక్కోవడమే చవక.

ఇప్పుడు ముఖ్యమైన లెక్క. 28 రోజులకోసారి రెండు మందులు తీసుకుంటే ఏడాదికి 26 ఐటమ్‌లు: 257.40 పౌండ్లు. ముందే కట్టేసి ఎన్ని మందులైనా తీసుకునే ప్రీపేమెంట్ సర్టిఫికెట్ ఏడాదికి 114.50 మాత్రమే, పది వాయిదాల్లో కట్టొచ్చు. ఏడాదికి 11 ఐటమ్‌లు దాటుతాయనుకుంటే కళ్లు మూసుకుని తీసుకోండి. మూడు నెలలది 32.05, నాలుగు ఐటమ్‌లకే గిట్టుబాటు. ఇది తెలియక నెలనెలా కౌంటర్‌లో డబ్బు పోసేవాళ్లు ఎందరో.

ఎవరు కట్టక్కర్లేదు? 16 ఏళ్ల లోపువాళ్లు, ఫుల్‌టైమ్ చదువులో ఉన్న 16 నుంచి 18 ఏళ్లవాళ్లు, 60 నిండినవాళ్లు, ప్రసూతి మినహాయింపు సర్టిఫికెట్ ఉన్న గర్భిణులు, ఏడాది లోపు పసిబిడ్డల తల్లులు. 19 నిండాక విద్యార్థి అయినంత మాత్రాన ఉచితం కాదు. గర్భనిరోధక మందులు మాత్రం అందరికీ ఉచితం.

[తెర మీద: ఎఫ్‌పీ92ఏ ఫారం దగ్గరగా]

మనవాళ్లకు బాగా పనికొచ్చేది ఇది. మందులతో అదుపు చేసుకునే షుగర్ ఉన్నా, రోజూ మాత్ర వేసుకోవాల్సిన హైపోథైరాయిడ్ ఉన్నా, అన్ని మందులూ ఉచితం, జలుబు మందుతో సహా. తిండి నియమంతోనే సరిపెట్టుకునే షుగర్‌కి వర్తించదు. జబ్బు ఉంటే చాలదు, చేతిలో మినహాయింపు సర్టిఫికెట్ ఉండాలి. జీపీ క్లినిక్‌లో దాని దరఖాస్తు ఫారం ఎఫ్‌పీ92ఏ అడిగి నింపితే ఐదేళ్లకు వస్తుంది. తీసుకోకుండా చీటీ వెనక 'ఉచితం' గడిలో టిక్ పెడితే ఇంటికి పెనాల్టీ నోటీసు వస్తుంది: చార్జీతో పాటు దానికి ఐదు రెట్ల వరకు, గరిష్ఠంగా 100 పౌండ్లు. గడువు ముగిసిన సర్టిఫికెట్‌తోనూ ఇదే జరుగుతుంది, తేదీ చూసుకోండి.

ఆస్తమా ఈ మినహాయింపు జబ్బుల జాబితాలో లేదు. 1968 నాటి జాబితాలో తర్వాత చేరింది 2009లో క్యాన్సర్ ఒక్కటే. జీవితాంతం ఇన్‌హేలర్ వాడే ఉద్యోగి దగ్గర డబ్బు తీసుకుని, థైరాయిడ్ ఉన్నవాళ్లకు అన్నీ ఉచితమనడానికి వైద్యపరంగా ఏ సమర్థనా లేదు. ఇంగ్లండ్‌లో పది ఐటమ్‌లలో తొమ్మిది ఎలాగూ ఉచితంగానే వెళ్తున్నాయి. భారమంతా ఆ మిగతా ఒక్కదాని మీదే.

సరిహద్దు ఊళ్లవాళ్లకు ఒక మాట. ఇంగ్లండ్ జీపీ రాసిన చీటీ పట్టుకుని వేల్స్ ఫార్మసీకి వెళ్తే ఉచితం కాదు, ఇంగ్లండ్ రేటే. వేల్స్‌లో ఉంటూ ఇంగ్లండ్ జీపీ దగ్గర నమోదైనవాళ్లకు ఎంటైటిల్‌మెంట్ కార్డు ఉంటుంది. అది చూపితే వేల్స్ ఫార్మసీలో డబ్బు తీసుకోరు. వేల్స్ చీటీని ఇంగ్లండ్‌లో ఇస్తే చార్జీ పడుతుంది.

[తెర మీద: ఎఫ్‌పీ57 రసీదు]

మినహాయింపు సర్టిఫికెట్ ఇంకా రాలేదా? డబ్బు కట్టేటప్పుడే ఎఫ్‌పీ57 రసీదు అడగండి. తర్వాత వెళ్తే ఇవ్వరు. మూడు నెలల్లోపు ఆ రసీదుతో డబ్బు వాపసు అడగొచ్చు.