బారాత్ గుర్రాల పక్షాన ఒక విన్నపం

(ప్రపంచ పశువైద్య దినోత్సవం సందర్భంగా మహబూబ్‌నగర్‌లో ఒక విశ్రాంత పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పశువైద్య సోదరులకు, ఇంత ఎండలోనూ వచ్చిన రైతులకు, గొర్రెల కాపరులకు, వెనుక వరుసలో నిలబడి ఉన్న బారాత్ గుర్రాల యజమానులకు నమస్కారాలు. నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం వేసవిలో పశుసంరక్షణ. నీడ గురించి, నీళ్ళ గురించి, టీకాల గురించి నా తరువాత మాట్లాడే డాక్టరు గారు చక్కగా చెప్పగలరు కనుక ఆ భాగం వారికే వదిలి, నా సమయాన్ని గుర్రాలకు ఇస్తున్నాను. బర్రె గురించి, గొర్రె గురించి మాట్లాడే సభలు ఈ జిల్లాలో ఎన్నో జరిగాయి. గుర్రం కోసం జరిగిన సభ నేను ఒక్కటీ చూడలేదు.

గుర్రాలు ఈ ప్రాంతానికి కొత్త కావు. వనపర్తి సంస్థానాధీశుల దగ్గర ఉన్న ఆఫ్రికా సంతతి ఆశ్వికదళం తరువాత నిజాం కొలువుకు చేరింది. హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ పేటకు ఆ ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరే నిలిచిపోయింది. నిన్నమొన్నటి దాకా టాంగాలు తిరిగిన వీధులు మనవి. ఇప్పుడు గుర్రం మనకు కనిపించేది పెళ్ళి ఊరేగింపులోనే. గుర్రం తగ్గింది, దానితోపాటు గుర్రాన్ని ఎరిగిన మనిషీ తగ్గాడు. అందువల్లనే అది ఆగిన ప్రతిసారీ మొండిదని, బెదిరిన ప్రతిసారీ పిచ్చిదని అంటున్నాము.

గుర్రం మొండితనం చేయదు. అడవిలో వేటాడే జంతువులకు ఆహారమైన జాతి అది. నిన్నటికీ నేటికీ మధ్య వచ్చిన తేడాను గమనించినదే బతికింది. కళ్ళు తలకు రెండు పక్కల ఉండటం వల్ల సుమారు 350 డిగ్రీల మేర చూడగలదు గాని, నుదుటికి ఎదురుగా, తోకకు సూటిగా వెనుక ఉన్నది దానికి కనిపించదు. వెలుగులోనుంచి చీకటిలోకి వచ్చినప్పుడు దాని కన్ను సర్దుకోవడానికి మన కన్నుకంటే ఎక్కువ సమయం పడుతుంది. అమెరికాలో కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో జంతు ప్రవర్తనా శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ బృందం పిల్లలు ఆడుకునే పెద్ద ఆటవస్తువు ఒకటి గుర్రాలకు బాగా అలవాటు చేసి, తరువాత దానినే 90 డిగ్రీలు తిప్పి పెట్టింది. అలవాటైన ఆ వస్తువును చూసి గుర్రాలు కొత్తదాన్ని చూసినట్టే ఉలిక్కిపడ్డాయి. మన దృష్టిలో అక్కడ మారినది ఏమీ లేదు.

దాని గమనిక ఎంత సూక్ష్మమైనదో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం చూపించింది. నేలమీద డెక్క తట్టి లెక్కలకు జవాబు చెబుతుందని పేరు పొందిన ఆ గుర్రాన్ని 1907లో ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరీక్షించి, అది లెక్క చేయడం లేదని, ప్రశ్న అడిగినవారికే తెలియకుండా వారి తలలో, ఒంట్లో కలిగే అతి స్వల్పమైన కదలికను చూసి డెక్క తట్టడం ఆపుతున్నదని తేల్చాడు. అంత చిన్న కదలికను పట్టుకోగల జీవికి, పగ్గం పట్టే చేయి మారితే తెలియదా?

ఇప్పుడు నేను చెప్పదలచిన సంగతికి వస్తాను. స్టేషన్ వైపు ఒక కుటుంబం ఉండేది. తాతల నాడు టాంగా తోలినవారు, తరువాత ఒక తెల్లని ఆడగుర్రాన్ని పెళ్ళిళ్ళకు తిప్పి బతికారు. ఊరేగింపు ఏదైనా ఆ ఇంటి కొడుకు దాని ఎడమ భుజం పక్కన నడిచేవాడు, పెళ్ళికొడుకు ఎడమవైపునుంచి ఎక్కేవాడు, బ్యాండు వెనుక ఉండేది. ఆ పద్ధతిలో అది ఎంత జనంలోనైనా తలవంచుకుని నడిచేది. ఒక రాత్రి ఆ కొడుకు జ్వరంతో పడుకుంటే కూలికి మరొకరు వచ్చారు. వీడియో బాగా రావాలని ఫంక్షన్ హాలు మేనేజరు పెళ్ళికొడుకును కుడివైపునుంచి ఎక్కించమన్నాడు, లైట్ల బండిని దాని ముఖానికి ఎదురుగా తెప్పించాడు. గుర్రం నాలుగు కాళ్ళూ బిగించి, తల పైకెత్తి, ముక్కుపుటాలు విప్పి నిలబడిపోయింది. అది నిలబడినప్పుడు ఆ లైట్లు పక్కకు తీయించి, దాని ఎడమవైపు ఒక తెలిసిన మనిషిని నిలబెడితే సరిపోయేది. కానీ ముందునుంచి కళ్ళెం గుంజారు. దానికి కనిపించని వెనుకవైపునుంచి ఎవరో కర్రతో పొడిచారు. అది వెనక్కి నడిచి డీజే బండికి కొట్టుకున్నది. నోరు చీరుకుపోయి నెత్తురు కారుతుంటే ఆ ఇంటి పెద్దాయన నా దగ్గరకు తీసుకొచ్చి, "డాక్టర్ సాబ్, ఇది ఎన్నడూ ఇట్ల చెయ్యలే" అన్నాడు. హాలువారు కిరాయి ఇవ్వలేదు. గుర్రం పిచ్చిదని ఊరంతా చెప్పారు.

అంతటితో పోలేదు. ఆ రాత్రి జాలిపడి ఎవరో మిగిలిన బగారా అన్నమూ, బూందీ లడ్డూలూ దాని ముందు గంపతో పెట్టారు. తెల్లవారేసరికి అది కడుపును కాళ్ళతో తన్నుకుంటూ, చెమటలు కక్కుతూ నేలమీద దొర్లుతున్నది. గుర్రం జీర్ణకోశం ఎటువంటిదో దయచేసి వినండి. దాని పొట్ట 8 నుంచి 15 లీటర్లకు మించదు. మేత ఉన్నా లేకున్నా అందులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. గడ్డిని అరిగించేవి పెద్దపేగు భాగంలోని సూక్ష్మజీవులు. ఒక్కసారిగా పిండి పదార్థం ఎక్కువగా వచ్చి పడితే అవి తలకిందులై, శూలనొప్పి, ఆపైన డెక్కల వాపు వస్తాయి. గుర్రం వాంతి చేసుకోలేదు. అందుకే దాణా మార్చవలసి వస్తే వారం, పది రోజులపాటు పాతదానిలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ మార్చమంటాము. ఆ ఆడగుర్రానికి శూల తగ్గింది గాని డెక్కలు దెబ్బతిన్నాయి, నడక మళ్ళీ సరిగా రాలేదు. ఆ కుటుంబం తరువాత గుర్రాన్ని పెంచలేదు.

ఫంక్షన్ హాళ్ళ యజమానులు, బ్యాండువారు, డీజే నడిపే పిల్లలు ఎవరైనా ఈ సభలో ఉంటే నేరుగా వారినే అడుగుతున్నాను. పెళ్ళికొడుకును ఎక్కించే ముందు ఆ గుర్రానికి అలవాటేమిటో దాని యజమానిని అడగండి. లైట్లను పక్కన పెట్టండి. వెనుకనుంచి ముట్టకండి. దానికి అన్నం పెట్టకండి. అది ఆగితే ఏమి మారిందో చూడండి. అది ఆగడానికి ఏదో ఒకటి తప్పక మారి ఉంటుంది.

యజమానులకూ ఒక మాట. 1965 నాటి కేంద్ర నియమాల ప్రకారం ముళ్ళున్న కళ్ళెం వాడటం నిషిద్ధం. బరువు మోసే, బండి లాగే జంతువును రోజుకు 9 గంటలకు మించి, విరామం లేకుండా 5 గంటలకు మించి పని చేయించరాదు. 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు పనికి పెట్టరాదు. మన పాలమూరు ఎండలో ఈ చివరి నియమం నెలల తరబడి వర్తిస్తుంది. గుర్రం నిలబడి కునుకు తీస్తుంది గాని, గాఢనిద్రకు పడుకోవాలి. కొత్త చోట భయం తీరేదాకా పడుకోదు. కాబట్టి కురుమూర్తి జాతరకో, మన్యంకొండకో తీసుకెళ్ళవలసి వస్తే రెండు మూడు రోజులు ముందే తీసుకెళ్ళండి, ఇంటి మేత వెంట పట్టుకుపోండి, రోజూ చూసే మనిషినే తోడు పంపండి. జతగా ఉండే గుర్రం ఉంటే దాన్నీ వెంట నడిపించండి. సభ ముగిశాక నేను ఆవరణలోనే ఉంటాను; మీ కళ్ళేలు తెచ్చి చూపించండి, నోటికి ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో ఒక్కొక్కటి చూసి చెబుతాను.