రొయ్య ఎరుపు నాచులో ఉంది, బయటికి తీయడమే కష్టం

రొయ్యల కూర వండేటప్పుడు చూసే ఉంటారు. బాణలిలో వేసినప్పుడు బూడిదరంగులో ఉన్న రొయ్య, సెగ తగలగానే ఎర్రబడుతుంది. ఆ ఎరుపు అప్పటికప్పుడు పుట్టింది కాదండి. ఒక ప్రొటీన్ దాన్ని పట్టుకుని ఉంటుంది, వేడికి పట్టు వదిలేస్తుంది, రంగు బయటపడుతుంది. దాని పేరు అస్టాజాంథిన్. చాలా గట్టి యాంటీ ఆక్సిడెంట్.

దీన్ని మెండుగా తయారుచేసేది హెమటోకాకస్ ప్లువియాలిస్ అనే మంచినీటి నాచు. ఒక్కటే కణం. తిండి బాగా దొరికినంతకాలం పచ్చగా ఈదుతూ తిరుగుతుంది. నత్రజని ఆపేసి, వెలుతురు గట్టిగా తగలనిస్తే ఈత మానేసి, గుండ్రంగా మారి, ఎర్రబడిపోతుంది. ఎండు బరువులో 3, 4 శాతం దాకా ఆ రంగే ఉంటుంది. తన ప్రాణం కాపాడుకోవడానికి అది చేసుకున్న ఏర్పాటు. నాకైతే ఎన్నిసార్లు చూసినా అబ్బురమే.

కానీ ఎర్రబడుతూనే చుట్టూ మందపాటి గోడ కట్టుకుంటుంది. ఆ గోడ పగలకపోతే ఎంత మంచి ద్రావకం పోసినా రంగు సరిగా దిగదు. అందుకే ద్రావకం గురించి కన్నా ముందు గోడ గురించి ఆలోచించమంటాను. చిన్న పూసలతో రాపిడి చేసే బీడ్ మిల్ వాడతారు, లేదా ఎక్కువ ఒత్తిడితో సన్నని సందులోంచి తోసే హై ప్రెషర్ హోమోజినైజర్. గోడ పగిలాక రంగుకి గాలి, వెలుతురు, వేడి నేరుగా తగులుతాయి, పాడైపోతుంది. ఇక ఆలస్యం చేయకూడదు.

తర్వాత కార్బన్ డయాక్సైడ్‌తో తీయడం. 31 డిగ్రీల వేడి, 74 బార్ ఒత్తిడి దాటిస్తే అది వాయువులా సందుల్లోకి దూరుతుంది, ద్రవంలా కరిగించుకుంటుంది. ఒత్తిడి వదిలేస్తే ఎగిరిపోతుంది. కాస్త ఇథనాల్ తోడిస్తే ఇంకా బాగా లాగుతుంది.

మరి వేడి పెంచాలా, తగ్గించాలా? ఒత్తిడి తక్కువగా ఉన్నప్పుడు వేడి పెంచితే కార్బన్ డయాక్సైడ్ పలచబడి, కరిగించుకునే శక్తి పడిపోతుంది. ఒత్తిడి బాగా ఎక్కువున్నప్పుడు అదే వేడి మేలు చేస్తుంది. అంటే ఒత్తిడి ఒకచోట ఆపి, వేడి మాత్రమే మారుస్తూ పోతే వచ్చే జవాబు ఆ ఒక్క ఒత్తిడికే పనికొస్తుంది. ప్రాజెక్టు చేసే పిల్లలు ఇక్కడే నెలలు పోగొట్టుకుంటారు. వేడి, ఒత్తిడి, ఇథనాల్ మూడూ కలిపి మార్చాలి. ఒక్కోటి మూడు స్థాయిల్లో పెడితే అన్ని కలయికలూ 27. అన్నీ చేయకుండా కొన్ని కలయికలనే ఎంచుకునే పద్ధతి ఒకటుంది, 1960లో వచ్చిన బాక్స్-బెన్‌కెన్. అందులో మధ్య బిందువును, అంటే మూడూ నడిమి స్థాయిలో ఉన్న కలయికను, మూడుసార్లు చేసినా, 15 ప్రయోగాలతో సరిపోతుంది.

ఇంకొక్క జాగ్రత్త. తీసిన సారానికి యాంటీ ఆక్సిడెంట్ బలం ఎంతుందో చూడ్డానికి డీపీపీహెచ్ అనే ఊదారంగు రసాయనంలో వేస్తాం, పసుపుకి తిరిగిందా అని 517 నానోమీటర్ల దగ్గర కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలుస్తాం. మన సారమే ఎర్రగా ఉంది కదా, అక్కడ అదీ కాంతిని పీల్చుకుంటుంది. దాంతో మంచి సారం కూడా బలహీనంగా కనబడుతుంది. డీపీపీహెచ్ లేకుండా సారం ఒక్కటే పెట్టి ఇంకో రీడింగ్ తీసుకుని, దాన్ని మొదటిదాంట్లోంచి తీసేయండి.