గోడలో దాగిన డ్రెయిన్ లీకేజీ, ఊపిరాడని వెంట్ పైపు: ఏ పరీక్ష పనికొస్తుంది, ఏ సామగ్రి నిలబడుతుంది? | రివ్యూ

నమస్కారం. గోడల వెనక, టైల్స్ కింద కంటికి కనిపించకుండా కారే డ్రెయిన్ లీకేజీలను పట్టుకోవడానికీ, డ్రెయిన్ పైపుల్లో గాలి ఆడేలా చేసే వెంట్ పైపు మొరాయించినప్పుడు వచ్చే గుడగుడ శబ్దాన్నీ దుర్వాసననూ వదిలించుకోవడానికీ దొరుకుతున్న సాధనాలను, వాటితోపాటు ప్లంబర్లు ఏనాటి నుంచో వాడుతున్న పరీక్షలను ఈ వీడియోలో సమీక్షిస్తున్నాను. తీర్పు ముందే చెప్పేస్తాను. కెమెరా కంటే రంగు నీళ్లూ, ఒక పొడి పుల్లా ఎక్కువ సంగతులు చెబుతాయి. పైపు మీద బయటి నుంచి పూసే ఏ పూతనూ శాశ్వత మరమ్మతుగా లెక్క వేయకూడదు. పైపులోకి గాలిని రానిచ్చే ఎయిర్ అడ్మిటెన్స్ వాల్వ్ మంచి వస్తువే గానీ, అది చేయలేని పని కోసం దాన్ని కొంటున్నవారు చాలామంది ఉన్నారు.

మొదట తేల్చుకోవలసింది, కారుతున్నది మంచినీటి పైపా, మురుగు పైపా అన్నది. మంచినీటి లైన్‌లో ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది కనుక ఎవరూ కుళాయి తిప్పకపోయినా అది రాత్రింబవళ్లు కారుతూనే ఉంటుంది. మురుగు పైపు మాత్రం నీళ్లు వదిలినప్పుడే కారుతుంది, వదలడం ఆపితే కాసేపటికి తగ్గిపోతుంది. కాబట్టి ఫ్లష్ ట్యాంకు నిండేదాకా ఆగి, కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటరును గమనించండి. మీటరు లేకపోతే పై ట్యాంకులో నీటి మట్టం దగ్గర గీత గీసి, ట్యాంకులోకి నీళ్లు రాకుండా కట్టి, కొన్ని గంటల తరువాత చూడండి. మీటరు కదలకుండా, మట్టం దిగకుండా ఉండి, గోడ మీద చెమ్మ మాత్రం పెరుగుతూ ఉంటే అనుమానం డ్రెయిన్ వైపు తిప్పవచ్చు.

ఇక రంగు నీళ్ల పరీక్ష. ఇది చవకైనదని చాలామంది చిన్నచూపు చూస్తారు, కానీ వరుస తప్పకుండా చేస్తే దీనికి సాటి వచ్చేది లేదు. స్నానాల గది నేలనే ఉదాహరణగా తీసుకుందాం. నహానీ ట్రాప్ (నేల మీది జాలీ కింద, దుర్వాసన పైకి రాకుండా కొంత నీటిని నిలిపి ఉంచే భాగం) నోటికి రబ్బరు ప్లగ్ బిగించి, నేల మీద కొద్దిగా రంగు నీళ్లు నిలబెట్టి, కొన్ని గంటలు అలాగే వదిలేయండి. ఆ సమయంలో కింది కప్పులో రంగు దిగితే పైపు నిర్దోషి అన్నమాట. దోషం నేలలోనో, ట్రాప్ మెడ చుట్టూ కాంక్రీటు అతుక్కోవలసిన చోటనో ఉంది. టైల్స్ సందుల్లో నింపే సిమెంటు గ్రౌట్ నీటిని పూర్తిగా ఆపదని, దాని కింద ఉండే వాటర్‌ప్రూఫింగ్ పొరే ఆ పని చేయాలని గుర్తుంచుకుంటే ఇందులో ఆశ్చర్యం ఉండదు. నేల పరీక్షలో ఏమీ దిగకపోతే, అది పూర్తిగా ఆరాక, ప్లగ్ తీసి, గరాటు పెట్టి, నేల తడవకుండా నేరుగా ట్రాప్‌లోకి మరో రంగు నీళ్లు పోయండి. ఇప్పుడు కింద రంగు కనిపిస్తే తప్పు పైపుదే. ఈ రెండు అంచెలూ విడివిడిగా చేయకుండా టైల్స్ పగలగొట్టడం మొదలుపెట్టే పనివాడిని నేను ఇంట్లోకి రానివ్వను. ముదురు రంగులు తెల్ల గ్రౌట్‌కు మరక పట్టిస్తాయి కనుక వాడేముందు ఒక మూల పరీక్షించుకోవడం మంచిది. కమోడ్ విషయంలో రంగును ఫ్లష్ నీటితోనే పంపాలి, ఎందుకంటే కమోడ్ కింద, పైపుతో కలిసే చోట ఉండే వ్యాక్స్ రింగ్ (మైనపు చుట్టు) గానీ రబ్బరు కనెక్టర్ గానీ చెడితే ఆ కారుడు ఫ్లష్ చేసినప్పుడే బయటపడుతుంది.

కెమెరాల సంగతికి వద్దాం. ఫోనుకు తగిలించే సన్నని ఎండోస్కోప్ కెమెరాతో ట్రాప్‌లో పేరుకున్న వెంట్రుకలు, ఊడిపోయిన జాయింట్లు, పైపులోకి చొచ్చుకొచ్చిన వేర్లు బాగానే కనిపిస్తాయి. కానీ అది పైపు లోపలి గోడను మాత్రమే చూపిస్తుంది. వెంట్రుకవాసి పగులు మీద నీటి పొరో జిడ్డో ఉంటే అద్భుతమైన కెమెరా కూడా దాన్ని దాటి వెళ్లిపోతుంది. వృత్తిదారులు వాడే పొడవాటి రాడ్ కెమెరాల్లో 512 హెర్ట్జ్ సంకేతం పంపే భాగం ఉంటుంది, దాని సాయంతో కెమెరా తల నేల కింద ఎక్కడుందో పైనుంచి గుర్తించి, అక్కడే తవ్వవచ్చు. ఆ ఒక్క సౌకర్యం కోసం పనివాడిని పిలిపించడం సబబే. థర్మల్ కెమెరా నీటిని చూడదు, ఉపరితలం వేడిని మాత్రమే చూస్తుంది. అందుకే డ్రెయిన్‌లోకి వేడి నీళ్లు వదిలి, గోడ మీద వెచ్చదనం ఎటు పాకుతుందో గమనిస్తే తప్ప దానితో పెద్దగా ప్రయోజనం ఉండదు. మామూలు పీవీసీ పైపుల్లోకి మరిగే నీళ్లు మాత్రం పోయకండి, సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ ప్లాస్టిక్ మెత్తబడటం మొదలవుతుంది.

నీటి చుక్క కూడా కనిపించకుండా వాసన మాత్రమే వస్తున్నప్పుడు పొగ పరీక్ష ఉత్తమం. తక్కువ ఒత్తిడితో, అంటే సుమారు 25 మిల్లీమీటర్ల నీటి మట్టానికి సమానమైన ఒత్తిడితో, పైపుల్లోకి పొగ నింపుతారు. ట్రాప్‌లో సాధారణంగా 50 మిల్లీమీటర్ల లోతు నీరు నిలుస్తుంది కనుక ఆ పొగ నీటిని తోసుకుని రాలేదు. పగిలిన చోట నుంచీ, ఎండిపోయిన ట్రాప్ నుంచీ మాత్రమే బయటికి వస్తుంది. దీనికి ఒక పాత బంధువు ఉంది. మేడ మీద వెంట్ పైపులోకి పెప్పర్‌మింట్ నూనె, ఆ వెంటనే వేడి నీళ్లు పోసి, పై నోరు మూసేసి, ఇంట్లో ఆ వాసన ఎక్కడ తగులుతుందో వెతుకుతారు. ఇందులో ఒక సరదా నియమం ఉంది: నూనె పోసిన మనిషి పరీక్ష ముగిసేదాకా ఇంట్లో అడుగు పెట్టకూడదు, ఎందుకంటే అతని చేతుల వాసనే అందరినీ తప్పుదారి పట్టిస్తుంది. పని చేసే పద్ధతే గానీ, వాసన ఇల్లంతా త్వరగా కమ్ముకుంటుంది కనుక కచ్చితమైన చోటు చూపడంలో పొగదే పైచేయి.

ఇప్పుడు గాలి గురించి కొంచెం నిదానంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే మరమ్మతులు ఎక్కువగా దారి తప్పేది ఇక్కడే. నిలువు పైపులో నీరు ఒక్కసారిగా జారుతున్నప్పుడు తన ముందున్న గాలిని కిందికి తోస్తుంది, తన వెనక గాలిని లాగుతుంది. వెంట్ పైపు తెరిచి ఉంటే ఆ లోటు బయటి గాలితో తీరుతుంది. అది మూసుకుపోతే, గాలి కోసం పైపు మన ట్రాప్‌లోని నీటినే పీల్చేస్తుంది, ఆ చప్పుడే మనం వినే గుడగుడ. కమోడ్ ఫ్లష్ చేస్తే సింక్ గుడగుడలాడుతోందంటే ఆ రెండూ పంచుకునే వెంట్‌నో, ఉమ్మడి డ్రెయిన్‌నో అనుమానించాలి. సింక్ తన నీళ్లు తాను వదులుతున్నప్పుడే గుడగుడలాడితే దాని సొంత పైపులో అడ్డో, ట్రాప్ అమరికలో లోపమో ఉంటుంది.

ఈ తేడాను పుల్లతో తేల్చవచ్చు. నహానీ ట్రాప్‌లోకి పొడి వెదురు పుల్లను అడుగు తగిలేదాకా దించి, తీసి, తడిసిన మేర గీత పెట్టుకోండి. పై అంతస్తులో ఎవరైనా ఫ్లష్ చేశాక మరో పొడి పుల్లతో మళ్లీ కొలవండి. తడి గణనీయంగా తగ్గితే ట్రాప్ నీటిని ఎవరో లాగుతున్నారని రుజువైనట్టే. సింక్ కింది బాటిల్ ట్రాప్‌లో పుల్ల దిగదు కనుక అడుగు కప్పును విప్పి, అందులోని నీటిని గిన్నెలో పట్టి కొలవాలి. ఎవరూ ఫ్లష్ చేయకపోయినా నీరు మెల్లగా తగ్గుతుంటే జాలీ తీసి టార్చి వేసి చూడండి: ట్రాప్ అంచు మీదుగా అవతలి పైపులోకి వేలాడుతున్న వెంట్రుకల పోగు ఒకటి కనిపించే అవకాశం ఉంది. దాని ఒక కొస నీటిలో, రెండో కొస ఖాళీ పైపులో ఉంటుంది. దీపపు వత్తి నూనెను లాగినట్టు ఆ పోగు నీటిని బొట్టుబొట్టుగా అంచు దాటిస్తుంది. వెంట్ మార్చవలసిన పనే లేదు, ఒక కొక్కెం తీగ చాలు. చాలాకాలం వాడని గదిలో నీరు ఆవిరైపోవడం మరో సంగతి. అక్కడ నీళ్లు నింపి, పైన కొద్దిగా వంటనూనె పోస్తే ఆవిరి కావడం నెమ్మదిస్తుంది.

సింక్ కింద వాడే ముడతల వేస్ట్ పైపుకు నేను మంచి మార్కులు వేయలేను. దాన్ని వంచి నేలలోకి దింపితే ఎస్ ఆకారం వస్తుంది. 1775లో అలెగ్జాండర్ కమింగ్ తన ఫ్లష్ మరుగుదొడ్డికి పేటెంట్ పొందినప్పుడు అందులో ఎస్ ట్రాప్ పెద్ద ముందడుగే, కానీ వెంట్ లేని సింక్ కింద అదే ఆకారం తన నీటిని తానే లాగేసుకుంటుంది, అందుకే ఎన్నో దేశాల ప్లంబింగ్ నిబంధనలు కొత్త అమరికల్లో దాన్ని ఒప్పుకోవు. నీరు నిలిచే వంపు తరువాత పైపు అడ్డంగా సాగే పీ ట్రాప్ పెట్టి, దాని తరువాతి అడ్డపైపుకు మీటరుకు సుమారు 20 మిల్లీమీటర్ల వాలు ఇవ్వడం మేలు. వాలు ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవడం పొరపాటు. వెంట్ చేరేలోపు పైపు తన వ్యాసం కంటే ఎక్కువ కిందికి దిగితే మళ్లీ అదే లాగుడు మొదలవుతుంది.

ఎయిర్ అడ్మిటెన్స్ వాల్వ్ విషయానికి వస్తే, పైపులో గాలి లోటు ఏర్పడినప్పుడు రబ్బరు పొర పైకి లేచి గాలిని లోపలికి రానిస్తుంది, లోటు తీరగానే తన బరువుతో మూసుకుని వాసనను ఆపుతుంది. మేడ మీదికి వెంట్ పైపు తీసుకెళ్లే వీలు లేని సింక్‌కు ఇది చక్కటి పరిష్కారం. అయితే ఇది గాలిని లోపలికి తీసుకుంటుందే తప్ప బయటికి వదలదు. కింది అంతస్తు కమోడ్‌లో నీళ్లు బుడగలతో పైకి లేస్తున్నాయంటే అక్కడ ఒత్తిడి ఎక్కువైంది, ఈ వాల్వ్ అందుకు ఏమీ చేయలేదు. భవనానికి కనీసం ఒక తెరిచిన వెంట్ ఉండి తీరాలి. దీన్ని నిటారుగా, ట్రాప్ అడ్డపైపు కంటే కనీసం 100 మిల్లీమీటర్ల ఎత్తులో, గాలి ఆడే చోట, చేయి అందేలా బిగించాలి, గోడలో పూడ్చేయకూడదు. మీ ప్రాంతపు నిబంధనలు దీన్ని అనుమతిస్తాయో లేదో ముందే తెలుసుకోండి. పాత వాల్వ్ మీద అనుమానముంటే దాన్ని కాసేపు విప్పి నీళ్లు వదలండి: గుడగుడ ఆగిపోతే వాల్వ్ బిగుసుకుపోయినట్టు, ఆగకపోతే తప్పు వేరేచోట ఉన్నట్టు. తెరిచిన వెంట్ అడ్డుపడిందనుకుంటే పక్షి గూళ్లు, ఎండుటాకులు, కౌల్ (వెంట్ నోటి మీది టోపీ) మీద కందిరీగల గూళ్లు వెతకాలి. మురుగు ఛాంబర్‌లోకి మాత్రం తల వంచి వాసన చూడకండి. మురుగులో పుట్టే విష వాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనను గుర్తించడమే మానేస్తుంది.

సామగ్రి గురించి త్వరగా చెబుతాను. కారుతున్న జాయింట్ పైన పీవీసీ సాల్వెంట్ సిమెంట్ పూయడం వృథా, అది రెండు ఉపరితలాలను కరిగించి కలిపే పదార్థం, బయటి సందును నింపే జిగురు కాదు. సిలికాన్ సీలెంట్ తడి మీద అంటదు. ఎపాక్సీ పుట్టీ, పైపును ఆరబెట్టి గరుకు కాగితంతో రుద్దాక పెడితే కొంతకాలం నిలుస్తుంది. తనకు తాను అతుక్కునే సిలికాన్ టేప్ ప్లంబర్ వచ్చేదాకా పనికొస్తుంది. అసలు మరమ్మతు చెడిన ముక్కను కోసి, పైపు కొసలను కలిపే తొడుగు, అంటే రిపేర్ కప్లింగ్‌తో కొత్త ముక్క పెట్టడమే. సాల్వెంట్ జాయింట్ అయితే ప్రైమర్ రాసి, పావు చుట్టు తిప్పుతూ లోపలికి నెట్టి, అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. రబ్బరు రింగ్ జాయింట్ అయితే పైపు అంచును ఏటవాలుగా చెక్కి, లూబ్రికెంట్ రాసి, పూర్తిగా నెట్టాక సుమారు 10 మిల్లీమీటర్లు వెనక్కి లాగాలి, లేకపోతే వేడికి పైపు సాగినప్పుడు రింగ్ మీద భారం పడుతుంది. పాత ఇనుప పైపును ప్లాస్టిక్‌తో కలపడానికి స్టీలు పట్టీల రబ్బరు కప్లింగ్ నాకు నచ్చింది.

పని అయ్యాక ఆ రోజే గోడ మూయించకండి. కింది క్లీనౌట్‌లో (పైపును శుభ్రం చేయడానికి వదిలే, మూత ఉన్న నోటిలో) గాలి నింపే టెస్ట్ ప్లగ్ పెట్టి, పైదాకా నీళ్లు నింపి, మట్టం దగ్గర గుర్తు పెట్టి, కనీసం 15 నిమిషాలు చూడండి, ప్రతి జాయింట్ చుట్టూ పొడి టిష్యూ కాగితం తిప్పండి, కంటికి కనిపించని చెమ్మ కాగితం మీద మచ్చగా తేలుతుంది. ఆ తరువాత ప్లగ్ తీసి, కమోడ్, సింక్, షవర్ ఒకేసారి వదిలి, ట్రాప్‌లలో పుల్ల కొలత మళ్లీ తీయండి. కొలత తగ్గకపోతే గోడ మూయించవచ్చు; క్లీనౌట్ ఉన్న చోట మాత్రం టైల్ బదులు విప్పుకోవడానికి వీలైన మూత పెట్టించండి.